ఐదో ఏటి పులి

ఉదయం పదకొండు గంటల ఏడు నిమిషాలకు ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. అప్పుడు నేను వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తున్నాను. చేయి తుడుచుకుని చూశాను. పాత నలుపు తెలుపు ఫొటో. ఒంటి నిండా రంగు పూసుకున్న పన్నెండేళ్ల పిల్లవాడు ఒక మెట్టు మీద నిలబడి, కుడిచేయి పైకెత్తి అరచేయి ముందుకు చూపిస్తున్నాడు. ముఖానికి ఒక రేకు డబ్బా, వీపు మీద గుడ్డ. పక్కన బిందె పెట్టి ఒక ముసలామె తడిసిన అతని పాదాల మీదికి వంగి ఉంది. వెనక పిల్లల గుంపు పగలబడి నవ్వుతున్నది. ఫొటో కింద రాసి ఉంది: "పాలమూరులో ఆ సీరియల్‌కు తొలి వీరాభిమాని! గ్రహాంతరవాసికి పాదపూజ!" పక్కన పడీ పడీ నవ్వే బొమ్మలు ఏడు.

ఆ పిల్లవాడు నేను. ఆ ముసలామె మా అవ్వ, బాపును కన్న తల్లి.

పంపినవాడు నా చిన్ననాటి దోస్తు కొడుకు. హైదరాబాదులో ఉంటాడు. ఐదు నిమిషాలకు వాడే ఫోన్ చేశాడు.

"పెద్దనాయినా, ఫొటో చూసినవా? మా బాపు పెట్టెల దొరికింది. మస్తుంది కదా!"

"చూసిన."

"ఆ సీరియల్ మీద నేనొక లిస్టు చేస్తున్న. అప్పట్ల జనం దాన్ని ఎక్కడెక్కడ వాడుకున్నరు, ఎవరు ముందుగాల వాడిండ్రు, అదంత. మన జిల్లాల నీదే ఫస్టు ఉన్నట్టుంది. జర రెండు ముక్కలు చెప్పు, రికార్డు చేసుకుంట."

"ఏం చెప్పాలె?"

"ఆ వేషం వేసినప్పుడు నీకెట్ల అనిపించిందని. ఇంత ముందుగాల చేసినవు కదా, గర్వంగ అనిపించిందా?"

కూర మాడుతున్నదని చెప్పి ఫోన్ పెట్టేశాను. అప్పటికి ఇంకా పొయ్యి వెలిగించలేదు.

వాడు చెప్పిన జిల్లా కూడా ఇప్పుడు మాది కాదు. రాష్ట్రం వచ్చాక పాలమూరును ముక్కలు చేస్తే మా ఊరు వేరే ముక్కలో పడింది. ఆ సంగతి వాడికి పట్టదు. తన పేజీలో పాత సైకిళ్ల ఫొటోలు, పాత పిప్పరమెంట్ల ఫొటోలు పెడతాడు. ప్రతిదాని కింద 'ఆ రోజులే వేరు' అని రాస్తాడు. ఆ రోజులకు వాడు పుట్టలేదు. పుట్టినవాళ్లు కూడా ఆ పేజీకి వచ్చి అవునవునని తలలూపుతారు. వాళ్లలో సగం మంది ఆ రోజుల్లో నాతోపాటు ఉన్నవాళ్లే. వాళ్లకైనా గుర్తుండాలి.

ఇంతకీ ఆ సీరియల్ ఏమంత గొప్పది కాదు. ఆకాశంలో తిరిగే ఒక ఓడ, అందులో ఐదుగురు మనుషులు, వాళ్లతో పాటు వెండి మొహంవాడు ఒకడు. హిందీలో వచ్చేది. ఓడ గోడలు అట్టలవి. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చుక్కలు, గ్రహాలు అన్నీ కలిసి ఊగేవి. ప్రతి వారం ఓడ ఒక ఆపదలో పడేది. ప్రతి వారం చివర వెండి మొహంవాడు అరచేయి ఎత్తి, డబ్బాలోంచి వచ్చినట్టున్న గొంతుతో ఒకే మాట అనేవాడు: "సంకేత్ మిలా. హమ్ లౌట్ రహే హై." కబురు అందింది, తిరిగి వస్తున్నాం అని. అంతే, ఆపద తీరిపోయేది. ఇంతకంటే సులువుగా కథ ముగించడం నేను తర్వాత ఏ పుస్తకంలోనూ చూడలేదు.

మా ఊరు కల్వకుర్తికీ జడ్చర్లకూ మధ్యన ఉంటుంది. ఊరంతటికీ టీవీ ఒక్కటే, పంచాయతీ ఆఫీసులో. దానికి చెక్కపెట్టె, పెట్టెకు తాళం. తాళంచెవి పంచాయతీ కావలికారు దగ్గర ఉండేది. నా దోస్తు ఆ కావలికారు కొడుకు. అందుకని వాడు మా గుంపుకు పెద్ద. ఆదివారం పొద్దున వాడు తాళం తీసేదాకా మేము అరుగు మీద కూర్చుని ఉడకబెట్టిన పల్లికాయ తినేవాళ్లం. గది తెరవగానే తడిసిన గోనెసంచుల వాసన వచ్చేది, ఎరువుల బస్తాలు కూడా అక్కడే పెట్టేవారు కనుక. ఆ వాసనలో నలభై మందిమి కూర్చుని అట్ట గోడలను చూసేవాళ్లం.

ఆ తర్వాత ఊరంతా ఆ పిచ్చి ఎక్కింది. దోస్తు కొడుకు తన లిస్టులో రాసుకున్నవన్నీ నిజమే. నేను చూసినవే. కల్వకుర్తి దర్జీ మెడ మీద నిలబడే కాలరు కుట్టి, దానికి వెండి జరీ అంచు వేసి అమ్మాడు. మా ఊరి మంగలి అద్దం మీద సున్నంతో ఓడ బొమ్మ గీసి, అందరికీ చేసే కటింగే చేసి, దానికి ఓడ కటింగు అని పేరు పెట్టాడు. జడ్చర్ల బస్సు కండక్టరు విజిల్ ఊదడం మానేసి, అరచేయి ఎత్తి "సంకేత్ మిలా" అనేవాడు. డ్రైవరు బండి తీసేవాడు. లెక్కల సారు మందమతులను నిలబెట్టి, "వీనికి సంకేతం అందదుర" అనేవాడు. మేము నవ్వేవాళ్లం. ఆ నిలబడ్డవాడు కూడా నవ్వేవాడు, వేరే దారి లేక. కల్లు కాంపౌండులో ఒకడు ఖాళీ కుండ ఎత్తి పట్టుకుని "హమ్ లౌట్ రహే హై" అంటే ఇంకో కుండ వచ్చేది.

ఇదీ ఆ మహత్తర ప్రభావం. ఒక్కరు కూడా ఆ సీరియల్ చూసి ఆకాశం వైపు తలెత్తలేదు. ఒక మాట దొరికింది, దాన్ని నమిలారు, రసం పోయాక ఉమ్మేశారు. మేమూ అంతే.

ఇక అవ్వ సంగతి.

అమ్మ నాకు ఊహ తెలియక ముందే పోయింది. బాపు మేస్త్రీ గుంపుతో బొంబాయి పనికి పోయాడు. మా దిక్కు నుంచి అప్పుడు సగం ఊరు అలాగే పోయేది. మొదటి ఏడు పీర్ల పండుగకు వచ్చాడు. నాకు తెల్ల బనీను తెచ్చాడు. రెండో ఏడు ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత ఉత్తరం కూడా రాలేదు. అవ్వ పీర్లకు మొక్కింది. తన కొడుకు ఇంటికి వస్తే చాలు, మనవడు ఐదేళ్లు వరసగా పీర్ల ముందు పులి వేషం ఆడతాడని. కొడుకు వచ్చేదాకా ఆగి అప్పుడు మొక్కు తీర్చడం ఆమె పద్ధతి కాదు. ముందే ఇచ్చేయాలి. "మనం ఇచ్చినంక ఇయ్యకుంట ఉండుడు వాళ్లకు ఇజ్జత్ గాదు" అనేది.

మా వైపు పీర్ల పండుగ, అంటే మొహర్రం, ఎవరిదో ఒకరిది కాదు. వెండి పీర్లు, అంటే కర్రలకు తొడిగిన అరచేతి ఆకారాలు, సాయిబుల చేతుల మీద కొట్టంలో ఉండేవి, మోసేవాళ్లు, మొక్కేవాళ్లు అన్ని ఇళ్లవాళ్లు. పీరు లేచి బయటికి వస్తే ఆడవాళ్లు బిందెలతో వచ్చి, పీరును ఎత్తుకున్నవాని కాళ్ల మీద నీళ్లు పోసి, మనసులో ఉన్నది అడిగేవారు. అతనికి పూనకం వస్తే జవాబు చెప్పేవాడు, ఎక్కువగా ఉర్దూలో. ఆ జవాబుకు తిరుగు లేదు. పిల్ల పెళ్లి ఆగేది, బాయి తవ్వకం మొదలయ్యేది.

నాకు పులి రంగులు వేసేది రంగుల తాత. ఏడాదంతా తలుపులకు, ఎద్దుల కొమ్ములకు, పంచాయతీ గేటుకు రంగులు వేసే మనిషి. పండుగ పదిరోజులూ పులులను చేసేవాడు. ముందురోజు ఒంటి మీది నూగు తీయించుకుని రమ్మనేవాడు. పొద్దున్నే తన ఇంటి ముందు నిలబెట్టి, పసుపు రంగులో నూనె కలిపి రాసేవాడు. ఆ తడి ఆరేదాకా చేతులు రెక్కల్లా చాచి నిలబడాలి. ఆరాక మసితో చారలు. చారలు వేసేటప్పుడు మాట్లాడనిచ్చేవాడు కాదు. "పులికి రెండు పక్కల చారలు ఒక్కతీరుగ ఉండయిర. ఒక్కతీరుగ వేసేటోడు పులిని చూడనోడు" అనేవాడు. తను ఎక్కడ చూశాడో ఎప్పుడూ చెప్పలేదు. శ్రీశైలం దారిలో అడవి ఉంది కనుక చూసే ఉంటాడని మేము నమ్మేవాళ్లం.

సాయంత్రం అవ్వ నన్ను బండ మీద కూర్చోబెట్టి, కిరసనాయిలు గుడ్డతో రంగు తుడిచి, కుంకుడు రసంతో రుద్దేది. మలీద ముద్ద చేతిలో పెట్టేది. రొట్టె, బెల్లం, కిరసనాయిలు కలిసిన ఆ రుచి నాకు నాలుగేళ్లు పండుగ రుచి. "ఒక్కటి అయిపాయె", "రెండు అయిపాయె" అని అవ్వ రుద్దుతూ చెప్పేది. నాలుగో ఏడు, "ఇగ ఒక్కటే" అంది. అప్పటికి ఆమె కళ్లలో పొర పెరిగింది. వెలుతురు, రంగు, ఆకారం తెలిసేవి. ముఖం తెలిసేది కాదు.

ఐదో ఏడు పండుగకు వారం ముందు అవ్వ తమ్ముడు వచ్చాడు. నాకు చిన్నతాత. బొంబాయిలో బాపు ఉన్న జాగా తెలిసిన మేస్త్రీ ఒకడు ఊరికి వచ్చాడని, పండుగ అయిన మూడో రోజు తిరిగి పోతున్నాడని చెప్పాడు.

"అక్కా, ఆయన ఎంబడి నేను పోత. ఉన్నడో లేడో కండ్లార చూసొస్త. ఉంటే చెయ్యి పట్టి గుంజుకొస్త."

"పో తమ్మీ. పీర్లను ఒక మాట అడిగి పంపుత" అంది అవ్వ.

ఆ మాట నేను విన్నాను. పక్కనే కూర్చుని ఉన్నాను. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, నాకు తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదు.

అదే వారం నా దోస్తుకు ఒక ఆలోచన వచ్చింది.

"పులి ఏంది బే, పులి. ప్రతి ఏడు అదే. ఊకె నాలుగు కాళ్ల మీద దునుకుడు. ఈపారి వెండి మొహం వేద్దాం. జడ్చర్ల సుట్టు ఏ ఊర్ల ఉండది."

"మా అవ్వ పులికి మొక్కింది."

"మీ అవ్వకు కనబడుతదా? డప్పు సప్పుడు వింటది, ఆడినవనుకుంటది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రంగుల తాత ఒప్పుకోలేదు. గేటు రంగు ఒంటికి రాయకూడదన్నాడు. మొక్కు వేషం మార్చకూడదన్నాడు. "ఆ టీవీల ఉన్నది వేషమార? డబ్బాల మొహం పెట్టిండు. కండ్లు లేవు, చారల్లేవు, నడక లేదు. గది ఏం జంతువుర?" అన్నాడు.

"తాతా, నీకు రాదని చెప్పు, పోతం" అన్నాడు దోస్తు.

"ఏం రాదు?"

"ఇగ నీకు పులులే వస్తయ్. కల్వకుర్తిల రిక్షాలకు బొమ్మలేసే పోరడున్నడు, ఆయనైతే వేస్తడు."

తాత చేతిలో ఉన్న కుంచె కింద పెట్టాడు. తర్వాత లోపలికి పోయి, పంచాయతీ గేటుకు వేయగా మిగిలిన వెండి రంగు డబ్బా తెచ్చాడు. ఆ మనిషిని ఓడించడానికి పిల్లలకు నాలుగు మాటలు చాలాయి.

పండుగనాడు పొద్దున అవ్వ నన్ను చేయి పట్టుకుని తాత ఇంటిదాకా దింపి, నీళ్ల బిందె కోసం వెనక్కి పోయింది. తాత పని మొదలుపెట్టాడు. ఇష్టం లేని పని కూడా చెడగొట్టలేకపోయాడు. మెడ దగ్గర, చెవుల వెనక, వేళ్ల సందుల్లో, ఎక్కడా చర్మం కనిపించకుండా రాశాడు. వెండి రంగు ఎండలో ఆరుతుంటే ఒళ్లు బిగుసుకుపోయింది. దోస్తు అడుగు తీసేసిన డాల్డా డబ్బా తెచ్చి నా ముక్కు కింద కట్టాడు, గొంతు మోగడానికి. వెండి మొహంవాడికి వీపు మీద గుడ్డ ఉంటుంది కనుక వాళ్లమ్మ ఎర్ర చీర చింపి భుజాల మీంచి వేలాడదీశాడు. కల్వకుర్తి నుంచి ప్రతి ఏడూ వచ్చే ఫొటోగ్రాఫరును ముందే పిలిచి పెట్టాడు.

నేను పీర్ల కొట్టం పక్కన ఉన్న అరుగు మెట్టు మీద నిలబడ్డాను. ముసురు ఆగి ఎండ వచ్చింది. ఊదు పొగ, బెల్లం షర్బతు వాసన, తడిమట్టి. అవతలి మూల డప్పులు మోగుతున్నాయి. అక్కడ పక్క ఊరి పులులు రెండు ఆడుతున్నాయి. జనం వాటిని వదిలేసి నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. దోస్తు "సలాం!" అంటాడు, నేను చేయి ఎత్తి ఆ మాట అంటాను, అందరూ చప్పట్లు కొడతారు. నా జీవితంలో అంతమంది నా వైపు చూడడం అదే మొదలు.

అప్పుడు అవ్వ వచ్చింది. నెత్తి మీద బిందె, నడుముకు చుట్టిన కొంగు. డప్పుల మోత వైపు ఒకసారి తల తిప్పి తృప్తిగా తలాడించింది. తన పులి అక్కడ ఆడుతున్నదని అనుకుంది. కొట్టం వైపు తిరిగింది. ఎండలో ఆమెకు ఎదురుగా ఎత్తున వెండి మెరుపు, దాని మీంచి వేలాడే ఎర్ర గుడ్డ. పీర్లకు కట్టే రంగు గుడ్డల దట్టీలు కూడా అలాగే వేలాడతాయి. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చి, బిందె దింపి, కొంగు నెత్తిన కప్పుకుంది.

నీళ్లు పాదాల మీద పడ్డాయి. చల్లగా ఉన్నాయి.

"తండ్రీ" అంది. "నాలుగు పులులను ఇచ్చిన. గిది ఐదోది, ఆడుతుండు సూడు. నా కొడుకు వస్తడా? నా తమ్ముడు ఎతుకవోతనంటుండు. పంపాల్నా, వద్దా? నువ్వు సెప్పినట్టు సేస్త."

నేను దిగిపోవాలి. డబ్బా తీసి, "అవ్వా, నేను" అనాలి. అందుకు రెండు క్షణాలు చాలు. దోస్తు వెనకనించి నా నడుము మీద గిల్లి, "అనుర, అనుర" అన్నాడు. గుంపు నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నది. ఫొటోగ్రాఫరు వంగాడు.

నేను చేయి ఎత్తాను.

"సంకేత్ మిలా. హమ్ లౌట్ రహే హై."

ఆ నవ్వు ఇప్పుడు ఫొటోలో ఉంది. పూనకంలో ఉన్న పీరు ముందు పిల్లలు నవ్వరని అవ్వకు తోచాల్సింది. తోచలేదు. ఆమె నా పాదాల మీది నీళ్లు వేళ్లతో తీసుకుని కళ్లకు అద్దుకుంది.

తర్వాత జరిగింది ఆమే ఇంటింటికీ చెప్పింది. కొట్టంలో పీర్లకు సేవ చేసే సాయిబును పట్టుకుని, "లౌట్ రహే అంటే ఏంది సాయిబూ?" అని అడిగిందట. ఆయన, "తిరిగొస్తున్నమని, అవ్వా. ఎవరన్నరు?" అన్నాడట. "పీరే అన్నది. కబురు అందిందని గూడ అన్నది" అని చెబితే ఆయన చేతులు ముఖానికి అద్దుకున్నాడట. ఆయనది తప్పు లేదు. అడిగిన మాటకు అర్థం చెప్పాడు.

సాయంత్రం నన్ను రుద్దడానికి అవ్వ కిరసనాయిలు సీసా తీసింది. దోస్తు వాళ్లింట్లో కడుక్కున్నానని చెప్పాను. నిజానికి చెరువు గట్టు కింద నలుగురు కలిసి ఇటుక ముక్కతో రుద్దితే తోలు లేచింది. అవ్వ నా చెవి తడిమింది. వేలికి అంటినదాన్ని కళ్ల దగ్గర పెట్టుకుంది.

"గిదేం రంగుర? తెల్లగ మెరుస్తుంది."

"పులి మీసాలకు వేసిండు తాత."

"అట్లనా. ఐదు అయిపాయె బిడ్డా" అని మలీద ముద్ద నోట్లో పెట్టింది. "పీరు మాట ఇచ్చింది. మీ బాపు వస్తుండు."

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆ ముద్ద తింటూ నేను కూడా నమ్మాను. ఊళ్లో అందరూ వచ్చి అవ్వ చేయి పట్టుకుని "మంచిగైంది" అంటుంటే, ఆ మాట అన్నది నేనేనని నాకు తెలుసు, అయినా బాపు వస్తాడనిపించింది. ఆ రెండు రోజులు నా నోరు మూసింది భయం ఒక్కటే కాదు. సంతోషం కూడా.

మూడో రోజు చిన్నతాత సంచి భుజాన వేసుకుని వచ్చాడు. అవ్వ ముందే బొంబాయి దాకా సరిపోయేటన్ని సజ్జ రొట్టెలు చేసి, ఎల్లిపాయ కారం మూట కట్టి ఉంచింది, పీరును అడగక ముందు, తమ్ముడు పోతాడన్న లెక్కలో. ఇప్పుడు మూట ఇవ్వలేదు.

"పోకు తమ్మీ. సంచి దించు."

"ఏందక్కా, మేస్త్రీ బస్టాండుల నిలబడ్డడు."

"పీరు సెప్పినంక ఎతుక్కుంట పోతే నమ్మనట్టయితది. నమ్మకపోతే ఇచ్చిన మాట ఎనుకకు పోతది."

"ఒక్కపారి చూసొస్తనే. దాంతోని ఏం పోతది?"

"సంచి దించుమన్ననా?"

చిన్నతాత నా వైపు చూశాడు, నువ్వన్నా చెప్పు అన్నట్టు. నేను గడప మీద కూర్చుని ఉన్నాను. మోచేతి మడతలో ఇంకా కొంచెం వెండి రంగు ఉంది. దాన్ని గోటితో గీకుతున్నాను. బస్సు హారన్ రెండుసార్లు వినిపించింది. సంచి దించాడు. ఆ రొట్టెలు మేము మూడు రోజులు తిన్నాం.

చిన్నతాత ప్రయాణం ఆగిన సంగతి రంగుల తాతకు ఆరోజే తెలిసింది. వచ్చి నన్ను ఇంటి వెనక్కి పిలిచాడు.

"నువ్వన్న మాటకేనా మీ చిన్నతాతను ఆపింది?"

తలూపాను.

"సెప్పినవా?"

"లేదు తాతా. నువ్వు సెప్పు."

ఆయన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఇంట్లోకి పోయాడు. అవ్వ చాప వేసి, మిగిలిన మలీద పెట్టి, పీరు చెప్పినదంతా మొదటినుంచి చెప్పింది. మధ్యలో నవ్వింది. చాలా ఏళ్ల తర్వాత ఆమె అలా నవ్వడం. తాత ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు. తిన్నాడు. చేయి కడుక్కుని, "పోయొస్త అక్కా" అని లేచాడు. నా పక్క నుంచే పోయాడు, నా వైపు చూడలేదు.

మరుసటి ఏడు తల్లులు పిల్లలను పట్టుకుని పులి రంగుల కోసం పోతే, చేయి వణుకుతున్నదని చెప్పాడు. తలుపులకు వేసేటప్పుడు వణికేది కాదు. ఎద్దుల కొమ్ములకు వేసేటప్పుడు వణికేది కాదు. ఆ ఏడు మా ఊరి నుంచి పులి లేదు. దాని గురించి పెద్దగా ఎవరూ బాధపడలేదు. మా గుంపులో ముగ్గురు వెండి మొహాలు వేసుకుని వచ్చారు. ఆ పైఏడు సీరియల్ అయిపోయింది, వెండి మొహాలూ అయిపోయాయి. అప్పటికి పులి అంటే పిల్లలకు నామోషీ.

అవ్వ నాలుగేళ్లు ఎదురుచూసింది. జడ్చర్ల బస్సు సాయంత్రం నాలుగున్నరకు వచ్చేది. నాలుగింటికే పోయి, దిగేవాళ్ల చెప్పుల చప్పుడు వింటూ నిలబడేది. ఆ కండక్టరు ఇంకా అరచేయి ఎత్తి అదే మాట అంటుండేవాడు. అవ్వ దాన్ని విని దండం పెట్టేది. వాడు నవ్వేవాడు. ఐదో ఏడు ఆమెకు జ్వరం వచ్చింది. కల్వకుర్తి దవాఖానలో పోయింది. మొక్కు తీరలేదని ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి ఎన్నో రోజులు ఉన్నాయి. ఏ రోజూ చెప్పలేదు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో జడ్చర్లలో ఒక చాయ్ హోటల్ దగ్గర ఆ మేస్త్రీ కనిపించాడు. ముసలివాడైపోయాడు. బాపు పేరు చెబితే గుర్తుపట్టాడు.

"మీ నాయినకు పనికాడ కాలిరిగె. ఒట్టి చేతుల్తోని ఊరికి పోతే ఇజ్జత్ పోతదని గుడిసెలనే పండెటోడు. ఆ వానకాలం అక్కడ్నే ఉండె. మీ చిన్నతాత వస్తడంటే నేను బస్సు ఆపి మరీ చూసిన. ఎవలన్న వచ్చి తోలుకపోతే వచ్చెటోడే."

"ఆ తర్వాత?"

"చలికాలం పని అయిపాయె. గుడిసెలు తీసేసిండ్రు. ఎవలెటు పోయిండ్రో."

చాయ్‌కి నన్ను పైసలు ఇవ్వనివ్వలేదు. నీళ్లు నిండిన కళ్లతో నా భుజం తట్టి పోయాడు. జరిగింది ఆయనకు తెలిస్తే తట్టేవాడు కాదు.

ఫొటో వచ్చిన రోజు మధ్యాహ్నం నేనే దోస్తు కొడుక్కు ఫోన్ చేశాను. అంతా చెప్పలేదు. చెబితే దాన్ని కూడా పెడతాడు. ఆ ముసలామె మా అవ్వ అని, తన పేజీలోంచి ఫొటో తీసేయమని మాత్రమే చెప్పాను.

"అయ్యో, మీ నానమ్మనా! నాకు తెల్వదు పెద్దనాయినా, సారీ. బాపు చెప్పలే. నవ్వుకుంట చూసిండు అంతే. మారుస్త, ఇప్పుడే మారుస్త."

మార్చాడు. గంటలో కొత్త రాత వచ్చింది: "నానమ్మ ఆశీస్సులతో అంతరిక్షానికి! కళ్లు చెమర్చే మన పాత రోజుల ప్రేమ." నవ్వే బొమ్మలు తీసేసి ఎర్ర గుండెలు పెట్టాడు. కింద నా దోస్తు, ఇప్పుడు మనవళ్లున్నవాడు, అరచేయి బొమ్మ పెట్టి "సంకేత్ మిలా" అని రాశాడు. వాడికి గుర్తుంది. గుర్తుండి కూడా ఆ మాటే రాశాడు. ఇంకెవరో, "ఇలాంటి స్వచ్ఛమైన కాలం మళ్లీ రాదు" అన్నారు. రాకపోవడమే మంచిది.

ఫొటో పెద్దది చేసి చూశాను. నవ్వుతున్న గుంపు వెనక, కొట్టం గోడకు ఆనుకుని రంగుల తాత ఉన్నాడు. ఇన్నేళ్లలో నాకు తెలియదు, ఆయన అక్కడే నిలబడి చూశాడని. నవ్వడం లేదు. ఆయన చూపు నా మీద లేదు. అవ్వ బిందె మీద ఉంది. చేతివేళ్లు మాత్రం చాచి, దూరంగా పట్టుకున్నాడు, ఇంకా కడుక్కోనట్టు.

పోయిన ఏడు పండుగకు ఊరికి వెళ్లాను. పీర్లు లేస్తున్నాయి. ఆడవాళ్లు కాళ్లకు నీళ్లు పోస్తున్నారు. మలీద చేస్తున్నారు. డప్పుల పక్కన పెద్ద సౌండు డబ్బాలు కూడా వచ్చాయి. అవ్వ మొక్కిన ఐదో పులి కోసం, ఈ వయసులో సిగ్గు విడిచి, రంగులు వేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. కొట్టం దగ్గరున్న పిల్లలు నన్ను మళ్లీ అడగమన్నారు, వాళ్లకు అర్థం కాక.

మా ఊరి పీర్ల పండుగలో ఇప్పుడు ఎవరూ పులి వేషం వేయరు.